లింకులు కొనేముందు టేపు పట్టుకోండి

"బైకు సీటు ఎత్తుగా ఉంది, ఆగినప్పుడు మునివేళ్లే నేలకి ఆనుతున్నాయి, వెనక ఎత్తు ఇంట్లోనే తగ్గించుకోవచ్చా?" అని కదా మీ ప్రశ్న. తగ్గించుకోవచ్చు. నేను తగ్గించాను. తర్వాత మళ్లీ పెంచాను కూడా.

నాది వెనక ఒకటే షాక్ (షాక్ అబ్జార్బర్), కింద లింకేజీ ఉన్న బండి. లింకేజీ అంటే చక్రం కదలికని షాక్‌కి అందించే లోహపు పట్టీల అమరిక, ఆ పట్టీలే లింకులు. సీటు 25 మిల్లీమీటర్లు దిగుతుందంటే పొడుగు లింకులు తెప్పించాను. వీడియోలో చూస్తే నాలుగు నిమిషాల పని, పైగా వెనకాల సంగీతం. ఆ వీడియోలు తీసేవాళ్లకి తుప్పు పట్టిన బోల్టు ఒక్కటీ ఎదురుపడదు, ఏం అదృష్టమో! నాకు మొదటి నట్టుకే గంట పట్టింది.

అసలు తప్పు అక్కడ కాదు. బండిని పాడక్ స్టాండు (వెనక చక్రాన్ని నేల నుంచి లేపే స్టాండు) మీదికి ఎత్తాను. చక్రం గాల్లో ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. ఆ స్టాండు మోసేది వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే స్వింగ్ ఆర్మ్‌ని. స్వింగ్ ఆర్మ్ మీద ఫ్రేముని నిలబెట్టేది షాకూ, లింకులూ. నేను విప్పుతున్నది సరిగ్గా ఆ లింకులనే. బావమరిదిని వెనక పట్టుకోమన్నాను. ఒక చేత్తో బండి, ఒక చేత్తో ఫోను పట్టుకుని నిలబడ్డాడు. బోల్టు సగం వచ్చి బిగుసుకుంటే సుత్తితో ఒక్కటి వేశాను. అది బయటికి ఎగిరింది, బండి తోక దబ్బున కూలబడింది, మడ్‌గార్డు వచ్చి టైరు మీద కూర్చుంది. నా చెయ్యి రెప్పపాటు ముందు బయటికి వచ్చింది కాబట్టి సరిపోయింది. మావాడు ఫోను చెవి దగ్గరనుంచి తీయకుండానే "బావా, ఇది ఇలాగే దిగాలా?" అన్నాడు.

కాబట్టి లింకులు విప్పాలంటే బరువు ఫ్రేము మీద ఆగాలి. ఫ్రేము కింద చెక్కముక్క పెట్టి జాకీ వేయండి. ఎగ్జాస్ట్ పైపు కింద మాత్రం వద్దు.

ఎలాగో బిగించాను. రెండు పాదాలూ నేలకి ఆనాయి, రెండు రోజులు పండగే. మూడో రోజు పొద్దున బండి కుడివైపు పడి ఉంది. బండి దిగింది కానీ సైడ్ స్టాండు పొడుగు అలాగే ఉంది కదా, ఇక బండి వాలకుండా దాదాపు నిటారుగా నిలబడుతోంది. కాస్త గాలి చాలు. హెడ్‌లైటు ఎదుటివాళ్ల కళ్లలోకి లేచింది. వెనక దిగితే ముందు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు) కోణం పడుకుంటుంది. చక్రాల మధ్య 1400 మిల్లీమీటర్లున్న బండికి వెనక 25 తగ్గితే సుమారు ఒక డిగ్రీ తేడా. ఒక డిగ్రీయే కదా అనిపిస్తుంది, మలుపులో బండిని బతిమాలి వంచాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. ఫోర్కులు వాటిని హ్యాండిల్ దగ్గర బిగించే క్లాంపులో కొంచెం పైకి జరిపితే ఇది సర్దుకుంటుంది, కానీ బండి నేలకి ఇంకా దగ్గరవుతుంది.

పాత లింకులు మళ్లీ వేసి, అప్పుడు టేపు తీశాను. మొదటే తీయాల్సింది. వెనక యాక్సిల్ నుంచి దానికి నిట్టనిలువుగా సీటు కింద ఒక గుర్తు దాకా కొలవాలి. చక్రం గాల్లో ఉన్నప్పుడు ఒకటి, బండి నేల మీద తన బరువుతో ఉన్నప్పుడు ఒకటి, మీరు మామూలుగా వేసుకునే హెల్మెట్, జాకెట్‌తో ఎక్కి కూర్చున్నప్పుడు ఒకటి. మొదటిదానికీ మూడోదానికీ తేడాయే శాగ్. మామూలు రోడ్డు బండికి 30 నుంచి 40 మిల్లీమీటర్లు ఉండాలి. నాకు 18 వచ్చింది! అంతకుముందు బండి వాడినాయన ఎప్పుడూ ఇద్దరితో తిరిగేవాడట, ప్రీలోడ్‌ని, అంటే షాక్ స్ప్రింగుని ముందే కొంత నొక్కి ఉంచే సర్దుబాటుని, చివరి మెట్టులో పెట్టి వదిలేశాడు. మూడు మెట్లు తగ్గిస్తే 34 అయింది. అంటే కూర్చున్నాక సీటు 16 మిల్లీమీటర్లు దిగింది, ఒక్క బోల్టు విప్పకుండా.

ఇక్కడో మాట. ప్రీలోడ్ పెంచితే స్ప్రింగు గట్టిపడుతుందని పదిమందిలో తొమ్మిదిమంది చెప్తారు. గట్టిపడదు. స్ప్రింగు అదే, బండి ఎత్తే మారుతుంది. ఈ విషయం మీద నేను చాలామందితో మాటలు మానేశాను.

టూల్ కిట్‌లో ప్రీలోడ్ మెట్లు మార్చడానికి వచ్చే కొక్కెం పానా రేకు ముక్కలాంటిది, జారితే వేళ్ల కణుపులు లేచిపోతాయి. పిడి పొడుగున్నది వాడండి. మీది రెండు షాకుల బండి అయితే రెండు వైపులా ఒకే మెట్టు ఉండాలి. ఎత్తు మార్చాక చైన్ వదులు మళ్లీ చూసుకోండి. వెనక మనిషిని ఎక్కించుకునే రోజు మెట్లు పెంచండి, లేకపోతే గుంతల్లో షాక్ అడుగంటా కొట్టుకుంటుంది.

మీ మూడు కొలతలు ఎంత వచ్చాయో, షాక్ ఒకటా రెండా, మీ బరువెంతో రాయండి. అవి చూశాక లింకుల సంగతి మాట్లాడదాం.