ఊరు కదలలేను, పని కావాలి

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఎం.ఏ. తెలుగు, బీఈడీ చేసి తణుకులో ఒక ప్రైవేటు స్కూల్లో ఎనిమిదేళ్లు తెలుగు చెప్పాను. రెండేళ్ల కిందట అత్తగారికి పక్షవాతం రావడంతో మానేశాను. మావారి షాపు మీద ఇల్లు గడవడం కష్టంగా ఉంది. హైదరాబాద్ వెళ్లే వీలు లేదు, కంప్యూటర్ కోర్సులు చేయలేదు. ఇంట్లోనే టైపింగ్ పని అంటే నమ్మి 3,500 రూపాయలు కట్టాను. ఇప్పుడేమో తప్పులు టైప్ చేశావు, అగ్రిమెంట్ ప్రకారం కోర్టు నోటీసు పంపుతాం అని ఫోన్లు చేస్తున్నారు. మావారికి చెప్పలేదు. నిద్ర పట్టడం లేదు. నేను దేనికీ పనికిరానా?

జవాబు: అమ్మా, ముందు ఆ ఫోన్ల సంగతి చూద్దాం. వాళ్లకిక ఒక్క రూపాయి కూడా కట్టకండి. డబ్బు కట్టించుకుని పని ఇవ్వడం, తప్పులు పట్టడం, తర్వాత కోర్టు పేరు చెప్పి బెదిరించి మళ్లీ గుంజడం, ఇదంతా ఎందరినో ముంచిన పాత మోసమే. డబ్బు పంపిన వివరాలు, వాళ్ల మెసేజ్‌లు స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. టెలిగ్రామ్‌లో హోటళ్లకు స్టార్లు ఇస్తే డబ్బులు అనేవాళ్లు తగిలినా అటు పోకండి. పని ఇచ్చేవాళ్లు మీకు డబ్బివ్వాలి గానీ మీ దగ్గర తీసుకోకూడదు.

ఈ రాత్రే మీవారికి చెప్పేయండి. ఒక మాట అంటారేమో, పడండి. ఫోన్ మోగినప్పుడల్లా ఒక్కరే బిక్కుబిక్కుమంటూ కూర్చోవడం కన్నా అదే నయం. పైగా రేపు పని మొదలుపెట్టాలంటే ఆయన సాయం లేకుండా కుదరదు.

పనికిరానా అన్నారు. నాలుగు పేజీల మీ ఉత్తరంలో ఒక్క ఒత్తు తప్పలేదు, ఒక్క దీర్ఘం జారలేదు. ఇలా రాయగలిగినవాళ్లు ఇప్పుడు ఎంతమంది ఉన్నారు? మీకు కొత్త కోర్సు అక్కర్లేదు. చేతిలో ఉన్న పనికే ఇంట్లోంచి దారి వెతుకుదాం.

అన్నిటికన్నా ముందు విదేశాల్లోని మన పిల్లలకు ఆన్‌లైన్‌లో తెలుగు చెప్పడం. అమెరికా వద్దంటాను. న్యూజెర్సీలో సాయంత్రం ఏడంటే మనకు వేసవిలో తెల్లవారుజామున నాలుగున్నర. రాత్రి అత్తగారికి రెండుసార్లు లేచే మీరు అది తట్టుకోలేరు. లండన్ అయితే శనివారం పొద్దున పది గంటలు మనకు వేసవిలో మధ్యాహ్నం రెండున్నర, చలికాలంలో మూడున్నర. అత్తగారు అన్నం తిని కునుకు తీసే వేళ. శని, ఆదివారాలు ఆ రెండు గంటలు మీవారు షాపు మూసి అమ్మ దగ్గర కూర్చోవాలి. ఈ మాట ఆయనతో ఖరారు చేసుకున్నాకే పిల్లల్ని ఒప్పుకోండి. ఫీజు ట్యూషన్ లాగే నెల మొదట్లోనే తీసుకోండి.

రెండోది ప్రూఫ్ దిద్దడం, అనువాదం, వీడియోలకు తెలుగు సబ్‌టైటిల్స్ రాయడం. వీటికి యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్‌లోనైనా, వెబ్‌సైట్‌లోనైనా కనిపించే తెలుగు అక్షరాల్లో టైపింగ్ రావాలి. మీ ఊళ్లో డీటీపీ వాళ్లు ‘అను’ అనే పేరున్న తెలుగు ఫాంట్లు నేర్పుతామంటారు. అవి ప్రింటింగ్ పనికి సరే, వెబ్‌సైట్లకు నేరుగా పనికిరావు. యూనికోడ్ మీ ఫోన్‌లోనే ఉంది, రోజూ అరగంట రాస్తే చేయి అదే తిరుగుతుంది. అనువాదానికి పదానికి ఇంత అని ఇస్తారు. ఎవరైనా శాంపిల్ అడిగితే ఒక పేజీ చేసివ్వండి, పుస్తకమంతా చేయమంటే వద్దనండి. కంపెనీలు టీడీఎస్, అంటే ముందే పట్టుకునే ఆదాయపు పన్ను, కోసి ఇస్తే కంగారు పడకండి. మీ ఆదాయం పన్ను పరిధిలో లేకపోతే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు.

మొదటి మూడు నెలలు స్కూలు జీతమంత వస్తుందని లెక్క వేసుకోకండి. ఇద్దరు పిల్లలు దొరికితే చాలు, మిగతావాళ్లు ఆ తల్లుల నోటిమాట మీదే వస్తారు.

ఆ ఇద్దరి కోసం ఈ ఆదివారం ఒక పని చేయండి. ‘అక్క’, ‘అమ్మ’ మాటల్లో ఒత్తు ఎలా పలకాలో, ఎలా రాయాలో స్కూల్లో చెప్పినట్టే చెబుతూ పది నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేయండి. మీ దగ్గర చదివిన పిల్లల ఇళ్లలో అక్కలో, పిన్నులో లండన్‌లో ఉండే ఉంటారు. ఆ వీడియో వాళ్లకు పంపమని అడగండి.