టోక్యో–క్యోటో: ఐదుగురికి జేఆర్ పాస్ వద్దు, నోజోమిలో చివరి వరస పట్టండి

మీ ప్రశ్న ఇది: మీరిద్దరూ, మీ అత్తమామలు, ఏడేళ్ల బాబు. టోక్యోలో షింజుకు దగ్గర హోటల్. అక్కణ్ణుంచి క్యోటో వెళ్లి, మళ్లీ టోక్యో వచ్చి విమానం ఎక్కాలి. ఏడు రోజుల జేఆర్ పాస్ (జేఆర్ రైళ్లన్నిటికీ కలిపి విదేశీ పర్యాటకులకు అమ్మే టికెట్) కొనాలా, హికారినా, నోజోమినా (రెండూ షింకన్‌సెన్, అంటే బుల్లెట్ రైళ్లే), లేకపోతే వేరే దారిలో కనజవ ఊరి మీదుగా వెళ్లాలా? ఈ దారిలో తిరిగి తిరిగి అలవాటైనవాడిగా చెప్తున్నాను: పాస్ వద్దు. రెండు వైపులా నోజోమిలో రిజర్వుడు సీట్లు తీసుకోండి.

లెక్క చూడండి. మామూలు సీజన్‌లో టోక్యో–క్యోటో నోజోమి రిజర్వుడు టికెట్ పెద్దలకు 14,170 యెన్. 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు సగం, అంటే బాబుకి 7,080. ఐదుగురికీ ఒక వైపు 63,760, రానూపోనూ 1,27,520. జేఆర్ పాస్ ధర 2023 అక్టోబర్‌లో 29,650 నుంచి ఒక్కసారిగా 50,000 అయింది. మీ ఐదుగురికీ అది 2,25,000 యెన్. దాదాపు లక్ష యెన్ ఊరికే పోతుంది. పైగా పాస్ ఉన్నా నోజోమి ఎక్కాలంటే ఈ దూరానికి పెద్దవాళ్లు ఒక్కొక్కరూ 4,960 అదనంగా కట్టాలి. హిరోషిమా కూడా కలుపుకుని టోక్యో–క్యోటో–హిరోషిమా–టోక్యో తిరిగినా మనిషికి 50 వేలు దాటదు. ‘జపాన్ వెళ్తే ముందు పాస్ కొను’ అన్న సలహా పాత ధర నాటిది. ఇంకా చాలామంది అదే చెప్తున్నారు, దయచేసి వినకండి.

నోజోమికి సుమారు 2 గంటల 15 నిమిషాలు పడుతుంది. హికారికి 2 గంటల 40 నిమిషాలు, అన్ని స్టేషన్లలో ఆగే కొడమకి 3 గంటల 40 నిమిషాల దాకా. హికారి, నోజోమి ధరల్లో తేడా మనిషికి మూడు వందల చిల్లర యెన్ మాత్రమే. హికారి గంటకు రెండే ఉంటాయి. నోజోమి రద్దీ వేళల్లో గంటకు పన్నెండు దాకా నడుస్తాయి. పెద్దవాళ్లను, పిల్లాణ్ని వెంటబెట్టుకుని స్టేషన్‌కి ఆలస్యంగా చేరితే, వెనకే ఇంకో బండి ఉందన్న ధైర్యానికి ఆ మూడు వందలు ఎక్కువేం కాదు. కొడమలో ‘పురట్టో కొడమ’ అనే చౌక టికెట్ ఉంది. మనిషికి 2 వేలకు పైగా తగ్గుతుంది, తాగడానికి ఒక డ్రింక్ కూపన్ ఇస్తారు. కానీ ముందురోజు లోపే కొనాలి, ఆ ఒక్క బండికే చెల్లుతుంది, తప్పిపోతే డబ్బు మొత్తం పోయినట్టే. ఒంటరిగా తిరిగే కుర్రాళ్లకు మంచిదే, మీకు వద్దు.

టికెట్లు స్మార్ట్ ఈఎక్స్ అనే షింకన్‌సెన్ బుకింగ్ యాప్‌లో కొనండి. ఒకే బుకింగ్‌లో ఆరుగురి దాకా తీసుకోవచ్చు. గేటు దగ్గర ఒక్కొక్కరికీ వేరుగా క్యూఆర్ కోడ్ కావాలి, కాబట్టి అయిదూ ముందే సిద్ధంగా పెట్టుకోండి. ఇండియా కార్డుతో ఇక్కడే చాలామంది ఆగిపోతారు. రిజర్వ్ బ్యాంక్ 2020 నిబంధనల ప్రకారం కొత్త కార్డుల్లో అంతర్జాతీయ, ఆన్‌లైన్ చెల్లింపులు మూసే ఉంటాయి. బ్యాంకు యాప్‌లో వాటిని తెరిచి, ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు జపాన్‌లో కూడా పనిచేసేలా చూసుకోండి, లేదా బయల్దేరకముందే కొనేయండి. మూడు వారాల ముందు కొంటే ‘హయతోకు’ తగ్గింపుల్లో మనిషికి 2 వేల యెన్ దాకా మిగలొచ్చు. రద్దీ తేదీల్లో మాత్రం ఆ తగ్గింపులు ఉండవు.

కాగితం టికెట్‌కి ఒక లాభం ఉంది, దీని గురించి ఎవరూ చెప్పరు. దాని మీద బయల్దేరే చోటు ‘టోక్యో నగర వార్డులు’ అనీ, చేరే చోటు ‘క్యోటో నగరం’ అనీ ఉంటుంది. అంటే షింజుకు నుంచి షినగావకి (టోక్యోలోనే షింకన్‌సెన్ ఆగే ఇంకో స్టేషన్) జేఆర్ లోకల్ బండి, క్యోటోలో దిగాక అరషియామ పక్కనున్న సగ-అరషియామ దాకానో, ఇనారి దాకానో జేఆర్ బండి అందులోనే కలిసిపోతాయి. యాప్ టికెట్‌లో ఈ సౌకర్యం లేదు, లోకల్ బండికి సుయికా కార్డు (డబ్బు వేసుకుని వాడే ప్రయాణ కార్డు) విడిగా తాకించాలి. అయితే క్యోటో నగరంలో ఒక్కసారి బయటి గేటు దాటితే కాగితం టికెట్ అక్కడితో సరి. షింకన్‌సెన్ నుంచి లోకల్‌కి మారే లోపలి గేటు గుండానే వెళ్లాలి. ఇలా మిగిలేది కొద్ది వందల యెన్‌లే. మీకు సామాను ఎక్కువ కాబట్టి, సీట్లు చూసి ఎంచుకోగలిగే యాప్ దారే మేలనుకుంటాను. కాగితం తీసుకుంటే బేస్ టికెట్ (దూరానికి ఛార్జీ), ఎక్స్‌ప్రెస్ టికెట్ (షింకన్‌సెన్‌కి అదనపు ఛార్జీ) రెండు కాగితాలూ కలిపి ఒకేసారి షింకన్‌సెన్ గేటులో పెట్టాలి. ఒక్కటే పెడితే గేటు మూసుకుంటుంది.

సీట్ల సంగతి జాగ్రత్తగా చూడండి. ఆర్డినరీ బోగీలో ఒక వరసకి ఒకవైపు ఏ, బీ, సీ, ఇంకోవైపు డీ, ఈ. మీరు ఐదుగురే కాబట్టి వరస మొత్తం మీదే అవుతుంది. చివరి వరస వెనక ఖాళీ స్థలం ఉంటుంది. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటి 250 లోపు ఉన్న పెట్టెలకు ఆ స్థలంతో కలిపి సీటు బుక్ చేయాలని 2020 మే నుంచి నిబంధన. దీనికి అదనపు రుసుము లేదు. కానీ బుక్ చేయకుండా పెద్ద పెట్టె తెస్తే 1,000 యెన్ వసూలు చేస్తారు. విమానంలో 158 సెంటీమీటర్ల కొలతకు సరిపోయిన పెట్టె ఇక్కడా ఇబ్బంది పెట్టదు, అది దాటితేనే ఈ గొడవ. యాప్‌లో ‘ఓవర్‌సైజ్డ్ బ్యాగేజ్’ సీట్లు ఎంచుకుని చివరి వరస అయిదు సీట్లూ పట్టండి. బేసి నంబరు బోగీ అయితే ఇంకా మంచిది. టాయిలెట్లు బేసి బోగీల్లో టోక్యో వైపు చివరన ఉంటాయి, అంటే క్యోటో వెళ్లేటప్పుడు మీ వెనకే. మీ మామగారు బండి నడుస్తుండగా ఎక్కువ దూరం నడవక్కర్లేదు.

డీ, ఈ సీట్లు అత్తమామలకి ఇవ్వండి. వాతావరణం బాగుంటే టోక్యో దాటిన 40–45 నిమిషాలకు, షిన్-ఫుజి స్టేషన్ దగ్గర, ‘ఈ’ సీటు కిటికీ వైపే ఫుజి పర్వతం కనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలోనూ అదే ‘ఈ’ సీటు వైపు.

పెట్టెలు నాలుగైదు ఉంటే అన్నీ బండిలో మోయకండి. టోక్యో హోటల్ రిసెప్షన్‌లో ‘తక్యుబిన్’ అని చెప్తే క్యోటో హోటల్‌కి మర్నాటికి చేరుస్తారు. పెద్ద పెట్టెకి 2–3 వేల యెన్ అవుతుంది. ఒక రాత్రికి సరిపడా బట్టలు, మందులు చేతిసంచిలో ఉంచుకోండి.

షింజుకు నుంచి టోక్యో స్టేషన్ దాకా వెళ్లక్కర్లేదు, షినగావలో ఎక్కండి. ఛార్జీ అంతే. నోజోమి అన్నీ అక్కడ ఆగుతాయి. యమనోతె లైన్‌లో 20 నిమిషాల్లో చేరతారు. స్టేషన్ కూడా చిన్నది, పెద్దవాళ్లకు నడక తగ్గుతుంది. తిరుగు విమానం హనెడా నుంచి అయితే వచ్చేటప్పుడూ అక్కడే దిగి కేక్యు లైన్ పట్టుకోండి. ఒకవేళ టోక్యో స్టేషన్‌లోనే ఎక్కాల్సి వస్తే, మీ బండి 14–19 ప్లాట్‌ఫారాల్లో ఉంటుంది. 20–23 వేరే కంపెనీవి, ఉత్తరానికీ కనజవకీ వెళ్లేవి. ఆ గేటులో మీ టికెట్ పనిచేయదు.

కనజవ దారి గురించి. 2024 మార్చి 16న హొకురికు షింకన్‌సెన్ త్సురుగ దాకా పొడిగించారు. టోక్యో నుంచి కనజవకి రెండున్నర గంటలు, తర్వాత త్సురుగలో దిగి, అదే స్టేషన్‌లో కింది అంతస్తుకి వచ్చి థండర్‌బర్డ్ అనే ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కితే గంట లోపు క్యోటో. బండి మారడానికి తరచూ ఎనిమిది నిమిషాలే ఇస్తారు. కనజవలో ఒక రాత్రి ఉండి ఊరు చూడాలనుకుంటేనే ఈ దారి బాగుంటుంది. ఊరికే దాటిపోవడానికైతే రెట్టింపు సమయం, ఎక్కువ ఛార్జీ.

తేదీలు కూడా చూసుకోండి. ఏప్రిల్ చివర–మే మొదటి వారం, ఆగస్టు మధ్య, సంవత్సరాంతం రోజుల్లో నోజోమి మొత్తం రిజర్వుడే. మిగతా రోజుల్లో అన్‌రిజర్వుడు ఉన్నా 2025 మార్చి నుంచి రెండు బోగీలే. ఐదుగురికి ఒకచోట సీట్లు దొరకడం కష్టం. తగ్గింపు లేని మామూలు రిజర్వుడు టికెట్‌తో బండి తప్పిపోతే, అదే రోజు తర్వాతి బండిలో అన్‌రిజర్వుడు బోగీ ఎక్కొచ్చు. చలికాలంలో సెకిగహర దగ్గర మంచు పడితే వేగం తగ్గిస్తారు. రెండు గంటలకు మించి ఆలస్యమైతే ఎక్స్‌ప్రెస్ ఛార్జీ వెనక్కిస్తారు.

తినడానికి ఏదో ఒకటి వెంట ఉంచుకోండి. ఆర్డినరీ బోగీల్లో తోపుడు బండి మీద తినుబండారాలు అమ్మడం 2023 అక్టోబర్‌తో ఆపేశారు. మీ అత్తగారు శాకాహారి అన్నారు కదా, స్టేషన్‌లో అమ్మే బెంతో డబ్బాల్లో కూరగాయలే కనిపించినా చాలావాటిలో చేప డషి (చేపతో కాచిన రసం) కలిసి ఉంటుంది. బండిలో తినడానికి అభ్యంతరం లేదు. వంటగది ఉన్న గది అయితే పులిహోర కలుపుకుని తెచ్చుకోవచ్చు. నగొయా దాటాక తర్వాతి స్టేషన్ క్యోటోయే, అరగంటకు పైగా సమయం ఉంటుంది. కానీ అక్కడ బండి ఆగేది ఒకటి రెండు నిమిషాలే, ఆపై షిన్-ఒసాకా వైపు వెళ్లిపోతుంది. కాబట్టి చేరడానికి పది నిమిషాల ముందే వెనక పెట్టెలు తీసి, పిల్లాడి చేయి పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్లండి.