వికీసోర్స్ అంటే ఏమిటని అడిగితే

చిరంజీవికి ఆశీస్సులు.

కాలేజీలో తెలుగు వికీసోర్స్ (పాత పుస్తకాల స్కాన్‌లను అందరూ కలిసి టైపు పాఠంగా మార్చే వెబ్‌సైటు) పరిచయం నీకు అప్పగించడం బాగుంది. నీ కరపత్రం చూశాను. పైన "తెలుగు డిజిటల్ లైబ్రరీ" అని పెట్టావు, అది తీసెయ్యమ్మా. లైబ్రరీ అనుకుని వచ్చినవాళ్లు కొత్త నవలల పీడీఎఫ్‌ల కోసం వెతికి, దొరక్క వెళ్లిపోతారు. పోనీ "వికీపీడియా లాంటిదే" అన్నావో, సొంత కవితలు ఎక్కిస్తారు. వాటిని నిర్వాహకులు తొలగిస్తే ఆ పిల్లలు నొచ్చుకుని మళ్లీ ఇటు రారు.

అందుకే అక్కడ చేసే పని చెప్పు: "పాత పుస్తకం స్కాన్ చూస్తూ, పక్కనున్న పాఠంలో తప్పులు దిద్దుతాం." ఇంతే చాలు. వెంటనే తెర మీద ఒక పుట తెరువు. ఒకవైపు అచ్చు పుట బొమ్మ, మరోవైపు ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి టైపుగా మార్చే సాఫ్ట్‌వేర్) ఇచ్చిన అక్షరాలు. "మ" ఉండాల్సిన చోట "య" పడి ఉంటుంది, ఒత్తులు ఎగిరిపోయి ఉంటాయి. ఒక తప్పు నువ్వు దిద్ది, రెండోది ముందు వరసలోవాళ్లచేత దిద్దించు. ఇంకా దిద్దని పుట గుర్తు ఎర్రగా ఉంటుంది. దాన్ని దిద్ది, కింద పసుపు గుండీ ఎంచుకుని భద్రపరిస్తే పసుపవుతుంది. కొత్తవాళ్లు ఆ గుండీ మరిచిపోతారు, పుట ఎర్రగానే ఉండిపోతుంది. ఇంకొకరు సరిచూశాకే ఆకుపచ్చ. రంగు మారడం కళ్లారా చూశాక ఇదేమిటని ఎవరూ అడగరు.

పుట ఎంపికలో తొందరపడకు. పద్యాలు, పట్టికలు, అధోజ్ఞాపికలు (పుట అడుగున ఇచ్చే వివరణలు) లేని వచనం తీసుకో. అరసున్న, బండి ఱ ఒకటి రెండు ఉంటే మంచిదే. "ఇవి తప్పులు కదా" అని తీసేయబోతారు. పుస్తకంలో ఎలా ఉంటే అలాగే ఉంచాలన్న సూత్రం అక్కడే చెప్పు.

శ్రీశ్రీ పుస్తకాలు ఎందుకు లేవని ఎవరైనా అడుగుతారు. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ల వరకు కాపీహక్కు ఉంటుంది. ఆయన 1983లో పోయారు కాబట్టి, హక్కుదారులు అనుమతిస్తే తప్ప 2043 చివరిదాకా ఆగాలి. కందుకూరి 1919లోనే పోయారు, ఆయన రచనలకు ఆ అడ్డు లేదు.

అందరికీ ఒకే మాట చెప్పకు. తెలుగు మాస్టార్లకు పుట సంఖ్యతో సహా మూలం చూపుకోవచ్చని చెప్పు. చూపు లేని విద్యార్థులకు స్క్రీన్ రీడర్ ఈ పాఠాన్ని చదివి వినిపిస్తుంది, స్కాన్ బొమ్మనైతే చదవలేదు. నా దృష్టిలో దీన్ని మించిన ప్రచారం లేదు, ఒక పేరా వినిపించి చూడు.

ఖాతాల సంగతి ముందే చూసుకో. ఒకే ఐపీ చిరునామా (ఒకే ఇంటర్నెట్ కనెక్షన్) నుంచి రోజుకు 6 ఖాతాలకు మించి వికీసోర్స్ తెరవనివ్వదు. కాలేజీ వైఫైలో ఏడోవాడి దగ్గర ఆగిపోతుంది, సభ చల్లారిపోతుంది. ముందురోజే ఇళ్లలో తెరుచుకు రమ్మను. పని కంప్యూటర్ మీదే పెట్టు, ఫోన్‌లో బొమ్మా పాఠమూ పక్కపక్కన ఇమడవు. కరపత్రం మీది క్యూఆర్ కోడ్ మొదటి పేజీకి కాకుండా, దిద్దాల్సిన పుటకే వెళ్లాలి.

మర్నాడు ప్రతి ఒక్కరికీ తర్వాతి పుట లంకె పంపు. ఎంతమంది వచ్చారన్న లెక్క వదిలేసి, ఆ వారంలో రెండో పుట దిద్దినవాళ్ల పేర్లు రాసిపెట్టుకో. నువ్వు ఎంచిన పుట నాకు ముందుగా పంపితే ఒకసారి చూసి చెబుతాను.

ఇట్లు,
బాబాయి