యూదుల్లో ఎవరు అసలు యూదులో తేల్చే పెద్ద ఎవరైనా ఉన్నారా?

ప్రశ్న ఇది: “క్యాథలిక్కులకు పోప్ ఉన్నట్టు యూదులందరికీ కలిపి ఒక మతపెద్ద ఉంటాడా? లేకపోతే ఫలానా మనిషి యూదుడు, ఫలానా ఆయన రబ్బీ అని ఎవరు తేలుస్తారు?”

లేడండి. రబ్బీ అంటే యూదు మతగురువు, అందులో మేమే పెద్దలమని చెప్పుకునే వాళ్లు మాత్రం బోలెడంతమంది. ఒక్క ఇజ్రాయెల్‌లోనే ప్రభుత్వం గుర్తించిన చీఫ్ రబ్బీలు ఇద్దరు, అష్కెనాజీలకు (యూరప్ మూలాల యూదులు) ఒకరు, సెఫార్దీలకు (స్పెయిన్, ఉత్తర ఆఫ్రికా, మధ్యప్రాచ్యం వైపు యూదులు) ఒకరు. ఆ ఇద్దరినీ లెక్కచేయని రబ్బీలు ఎంతమందో లెక్కే లేదు.

నేను పుస్తకాలు చదివి చెప్పడం లేదు. ఏజెంటుకు లక్షలు కట్టి ముసలివాళ్లను చూసుకునే కేర్‌గివర్ వీసా మీద ఇజ్రాయెల్ వచ్చినవాణ్ణి. నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి మనవాళ్లు ఇక్కడ ఈ పనిలో చాలామందే ఉన్నారు. ముసలివాళ్ల ఇళ్లలో ఇరవై నాలుగు గంటలూ ఉండేవాళ్లం కాబట్టి బయటివాళ్లకు కనపడని గొడవలు మాకు కనపడతాయి. అందుకని నిర్వచనాలు వదిలేసి ఒక పెళ్లి సంగతి చెప్తాను.

నేను చూసుకునే పెద్దావిడ ఉక్రెయిన్‌లో పుట్టింది, సోవియట్ యూనియన్ కూలిపోయే రోజుల్లో కుటుంబంతో ఇక్కడికి వచ్చేసింది. ఇంట్లో అందరూ సవ్తా అంటారు, హీబ్రూలో అమ్మమ్మ, నానమ్మ అని, నేనూ అంతే. మతం పట్టింపు పెద్దగా లేదు, పంది మాంసం సాసేజీ శుభ్రంగా తింటుంది, యోమ్ కిప్పూర్ అనే ఉపవాసం పండగ నాడు మాత్రం మంచినీళ్లు కూడా ముట్టదు, డాక్టరు తిట్టినా వినదు. ఆవిడ కూతురి కూతురికి పెళ్లి కుదిరింది. పిల్ల ఇక్కడే పుట్టింది, ఇక్కడే చదివింది, ఆర్మీలో పనిచేసింది. అబ్బాయీ యూదుడే, మొరాకో నుంచి వచ్చిన కుటుంబం. ఇక అడ్డేముంటుంది అనుకుంటాం కదా.

ఇజ్రాయెల్‌లో యూదులకు మన దగ్గర ఉన్నట్టు రిజిస్టర్ పెళ్లి లేదు. యూదులైతే రబ్బీల ఆఫీసు, ముస్లింలైతే షరియా కోర్టు, క్రైస్తవులైతే వాళ్ల చర్చి, ఎవరి దారి వాళ్లదే. టర్కీ సుల్తానుల కాలం నాటి పద్ధతి ఇది. బ్రిటిష్ వాళ్లు వచ్చి దాన్నే ఉంచారు, ఇప్పుడున్న చీఫ్ రబ్బీల ఏర్పాటు కూడా వాళ్ల హయాంలో 1921లో మొదలైందే. తర్వాత 1953లో ఇజ్రాయెల్ పార్లమెంటు చట్టం చేసి యూదుల పెళ్లిళ్లు, విడాకులు రబ్బీల కోర్టుల చేతిలో పెట్టేసింది. అంటే ఈ పెత్తనం యూదుల ధర్మగ్రంథం తోరా ఇచ్చింది కాదు, చట్టం ఇచ్చింది. ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే మీ ప్రశ్నకు సగం జవాబు వచ్చేసినట్టే.

పిల్ల పేరు రాయించడానికి వెళ్తే అమ్మానాన్నల కెతుబా తెమ్మన్నారు, యూదు పద్ధతిలో రాసే పెళ్లి పత్రం అది. వాళ్ల పెళ్లి సోవియట్ రిజిస్ట్రార్ ఆఫీసులో జరిగింది, అక్కడ కెతుబా ఎక్కడి నుంచి వస్తుంది! దాంతో ఫైలు మతకోర్టుకు వెళ్లింది, ఈ అమ్మాయి యూదురాలేనా అన్న విచారణకు. కుల ధ్రువీకరణ పత్రం కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లకు ఈ బాధ చెప్పక్కర్లేదు. కాకపోతే ఇక్కడ చూసేది తల్లి వైపు మాత్రమే. అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మ వాళ్ల అమ్మ. తండ్రి వైపు వరసగా రబ్బీలే ఉన్నా పనికిరారు.

సవ్తా మంచం కింద నీలం రంగు బిస్కెట్ల రేకు డబ్బా ఒకటుంటుంది, కాగితాలన్నీ అందులోనే. బతికున్న సాక్షి కూడా ఆవిడొక్కతే. వీల్‌చెయిర్ తోసుకుంటూ తీసుకెళ్లింది నేనే కాబట్టి నన్ను గదిలో ఒక మూలన కూర్చోనిచ్చారు. విచారణ చేసే ఆయన రష్యన్ మాట్లాడే మనిషి, మర్యాదస్తుడే, టీ కావాలా అని కూడా అడిగాడు. నాకు వచ్చిన రష్యన్ వంటింటి వరకే, కాబట్టి అక్కడ జరిగింది సగం చూసి తెలుసుకున్నాను, మిగతా సగం ఇంటికొచ్చాక సవ్తా కూతురు చెప్పింది.

ముందు ఆవిడ జనన పత్రం తీసి లైటుకు ఎత్తి చూశాడు. యుద్ధానికి ముందు ఇచ్చిందా, తర్వాత తీసుకున్న డూప్లికేటా అని. డూప్లికేటే. 1941లో జర్మన్ సైన్యం వస్తోందని తల్లి ఈ పసిపిల్లను చంకనేసుకుని రైలెక్కి తాష్కెంట్ పారిపోయింది, ప్రాణాలు దక్కితే చాలనుకునే సమయంలో కాగితాలెవరు సర్దుకుంటారు? యుద్ధం తర్వాతి కాగితమైతే అనుమానమట, వివరాలు మార్పించుకుని ఉండొచ్చని. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. మీ అమ్మకు కోపమొస్తే ఏ భాషలో తిట్టేది? శుక్రవారం సాయంత్రం ఇంట్లో ఏం చేసేవారు? పెసహ్ పండక్కి మాత్సా ఎక్కడి నుంచి వచ్చేది? మాత్సా అంటే ఆ పండగలో తినే పులియబెట్టని రొట్టె, పల్చగా అప్పడంలా ఉంటుంది. దానికి సవ్తా చెప్పింది: రాత్రిపూట నాన్న దిండు గలీబులో పెట్టుకుని భుజాన వేసుకుని తెచ్చేవాడు, మెట్ల మీద ఎవరైనా ఎదురైతే లాండ్రీ బట్టలనుకోవాలని. చేత్తో గలీబు మూతి మెలిపెట్టి పట్టుకున్నట్టు చూపించింది కూడా. ఆయన తలెత్తకుండా గబగబా రాసుకున్నాడు. ఇలాంటివి ఎవరూ కల్పించి చెప్పలేరని ఆయనకు తెలుసనుకుంటా.

అయినా సరిపోలేదు. మీ అమ్మ సమాధి రాయి ఫోటో ఉందా అన్నాడు. అప్పుడు లేచింది చూడండి ఆవిడకు కోపం. సోవియట్ పాస్‌పోర్టులో జాతి అని ఒక గడి ఉండేది, యూదులకు అందులో యూదు అనే రాసేవారు. ఆ పాత పాస్‌పోర్టు డబ్బాలోంచి తీసి బల్ల మీద కొట్టి, “ఈ మాట చూసి వాళ్లు నాకు డాక్టరు సీటు ఇవ్వలేదు. ఇదే మాట చూసి నువ్వు చాలదంటున్నావు. మీ ఇద్దరూ ఒకసారి కూర్చుని మాట్లాడుకుని నేనెవరో నాకు చెప్పండి” అంది. ఆ గొంతు విని పక్క గదిలోంచి ఎవరో తొంగి చూశారు. ఆవిడ బీపీ పెరుగుతుందేమోనని నాకు టెన్షన్, మాత్ర బ్యాగులో ఉందో లేదో వెతుక్కుంటున్నాను.

ఆయన తప్పు కూడా పూర్తిగా అనలేం. ఇక్కడ పౌరసత్వానికి ఒక కొలత, పెళ్లికి ఇంకో కొలత. యూదులు ఎక్కడి నుంచైనా వచ్చి పౌరసత్వం తీసుకోవచ్చనే 1950 నాటి లా ఆఫ్ రిటర్న్‌ను 1970లో సవరించి, తాత, నానమ్మ, అమ్మమ్మల్లో ఒక్కరు యూదులైనా రావచ్చన్నారు. రబ్బీలేమో తల్లి యూదురాలైతేనే అంటారు, లేదా తాము ఒప్పుకునే పద్ధతిలో మతం పుచ్చుకోవాలి. అలా విమానాశ్రయంలో స్వాగతం పలికించుకుని పెళ్లి దగ్గర ఆగిపోయినవాళ్లు మూడు లక్షలకు పైనే ఉన్నారు, ఎక్కువమంది సోవియట్ దేశాల నుంచి వచ్చినవాళ్లే. పన్నులు కడతారు, ఆర్మీకి వెళ్తారు, పెళ్లికి మాత్రం విమానమెక్కాలి.

పోనీ రబ్బీల్లోనైనా ఏకాభిప్రాయం ఉందా అంటే, మా ఎదురింటి కుటుంబం సంగతి చెప్పాలి. హరేదీలు, అంటే మత నియమాల్లో అందరికంటే పట్టింపున్నవాళ్లు, నల్ల కోటు, నల్ల టోపీ. శనివారం కరెంటు స్విచ్ ముట్టరు. ఏసీ ఆగిపోతే ఆయన వచ్చి మా తలుపు కొట్టి “ఇంట్లో చాలా వేడిగా ఉంది” అని ఊరుకుంటాడు, వచ్చి వెయ్యమని నోటితో అనకూడదు, నాకు నేనుగా అర్థం చేసుకుని వెళ్లి వెయ్యాలి. మంచివాళ్లు, పండక్కి కేకు పంపుతారు, కానీ మా ఇంట్లో గ్లాసుతో నీళ్లు కూడా తాగరు. ఒకసారి ఆయన్ని అడిగాను, మత నియమాల ప్రకారం తినొచ్చని చీఫ్ రబ్బీ ముద్రున్న మాంసం మీరు కొంటారా అని. నవ్వాడు. వాళ్లకు వాళ్ల సొంత కోర్టు, సొంత ముద్ర, జెరూసలేంలోని ఎదా హరేదిత్ లాంటివి. చీఫ్ రబ్బీల పదవులకు, మతకోర్టు జడ్జీల పోస్టులకు హరేదీ పార్టీలు హోరాహోరీగా కొట్లాడతాయి, వంటింట్లోకి మాత్రం ఆ ఆఫీసు ముద్ర రానివ్వరు. అన్నట్టు 2013లో ఎన్నికైన చీఫ్ రబ్బీలు ఇద్దరూ మాజీ చీఫ్ రబ్బీల కొడుకులే, 2024లో వచ్చిన సెఫార్దీ చీఫ్ రబ్బీ అంతకుముందు ఆయనకు స్వయానా తోడబుట్టినవాడు. ఓటు వేసేది 150 మంది సభ్యుల సభ. వారసత్వ రాజకీయాలు మన సొత్తే అనుకుంటాం.

రబ్బీని రబ్బీయే నమ్మని దానికి అసలు ఉదాహరణ 2008 నాటిది. అష్దోద్ అనే ఊళ్లో ఒకావిడ విడాకుల కోసం వెళ్తే, నువ్వు సబ్బాతు (శనివారం విశ్రాంతి నియమం) సరిగ్గా పాటించడం లేదు కాబట్టి ఎప్పుడో పుచ్చుకున్న మతం చెల్లదు, పిల్లలూ యూదులు కారు అన్నాడు జడ్జి. పై మతకోర్టు దాన్ని సమర్థించి, రబ్బీ హయీమ్ డ్రుక్‌మాన్ చేయించిన మతమార్పిడులన్నిటి మీదా నీళ్లు చల్లింది. ఈ డ్రుక్‌మాన్ ఎవరో సందుగొందు రబ్బీ కాదు, అప్పట్లో ప్రభుత్వమే నడిపే మతమార్పిడి విభాగానికి అధిపతి, పక్కా ఆర్థడాక్స్, అంటే పాత నియమాలను ఉన్నదున్నట్టు పాటించే శాఖ. సుప్రీంకోర్టు 2012లో ఆ తీర్పును పక్కన పెట్టింది గానీ, ఆ నాలుగేళ్లు ఆ కుటుంబాలు ఎలా నిద్రపోయాయో.

బయటి దేశాల రబ్బీల పరిస్థితి ఇంకా అన్యాయం. 2017లో ఒక జాబితా బయటపడింది, ఫలానా మనిషి యూదుడే అని ఉత్తరాలు రాస్తే ఇక్కడి ఆఫీసు తోసిపుచ్చిన 160 మంది రబ్బీల పేర్లతో, అందులో ఆర్థడాక్స్ వాళ్లూ ఉన్నారు. అమెరికాలో 2020 నాటి ప్యూ సర్వే ప్రకారం యూదుల్లో నియమాలు బాగా సడలించిన రిఫార్మ్ శాఖ 37 శాతం, ఆ రెంటికీ మధ్యలో ఉండే కన్సర్వేటివ్ 17 శాతం, ఆర్థడాక్స్ 9 శాతమే. ఆ 9 శాతం వైపు రబ్బీల మాట కూడా చెల్లదంటే మిగతావాళ్ల గతేంటి? 2021 మార్చిలో సుప్రీంకోర్టు ఇజ్రాయెల్‌లో జరిగిన రిఫార్మ్, కన్సర్వేటివ్ మతమార్పిడులను పౌరసత్వానికి ఒప్పుకుంది. పౌరసత్వానికి మాత్రమే. పెళ్లి తాళం ఇంకా పాతవాళ్ల దగ్గరే ఉంది.

మన తెలుగు యూట్యూబ్‌లో కొందరు బోధకులు ఇజ్రాయెల్ ఆలివ్ నూనె సీసా చూపిస్తూ “యూదులంతా ఒక్క మాట మీద నిలబడే జనం” అని చెప్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఒక్క వారం ఇక్కడి మెట్ల మీద కూర్చుని వినండి.

సవ్తా కథ ఎక్కడిదాకా వచ్చింది? కొన్ని నెలలకు కోర్టు సరేనంది, ఈమె యూదురాలు, కూతురు యూదురాలు, మనవరాలు యూదురాలు అని ముద్ర కొట్టి పత్రం ఇచ్చింది. ఈలోపు మనవరాలికి ఒళ్లుమండి అబ్బాయిని తీసుకుని సైప్రస్ వెళ్లి లార్నకా మునిసిపాలిటీలో పెళ్లి చేసుకుని వచ్చేసింది. విదేశంలో చేసుకున్న పెళ్లిని ఇక్కడ నమోదు చేయాల్సిందేనని 1963లోనే సుప్రీంకోర్టు చెప్పింది, అందుకే వేలమంది అదే దారి. ఇప్పుడైతే విమానం టికెట్ కూడా అక్కర్లేదు, అమెరికాలోని యూటా రాష్ట్రం అధికారులు జూమ్‌లో పెళ్లి చేస్తే అదీ నమోదు చేయాలని 2023లో తీర్పొచ్చింది. అందరూ సంతోషపడ్డారు, ఒక్క సవ్తా తప్ప. మనవరాలితో వారాల తరబడి మాట్లాడలేదు. నేననుకున్నాను ఆవిడ కూడా రబ్బీల మీద కోపంతో ఉందని. కాదు, అన్ని తిప్పలు పడి నేను సంపాదించిన కాగితాన్ని పనికిరాకుండా చేశావు, ఖుప్పా (యూదు పెళ్లి పందిరి) కింద నిన్ను చూడాలనుకున్నాను అని. బల్ల మీద పాస్‌పోర్టు కొట్టిన మనిషే!

ఇక భారతదేశం సంగతి, ఎందుకంటే కింద కామెంట్లలో ఎవరో యూదులమని చెప్పుకునే తెలుగువాళ్లుండే గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెం గురించి అడిగారు. మహారాష్ట్ర కొంకణ్ నుంచి వచ్చిన బెనె ఇజ్రాయెల్ యూదులకే 1960ల మొదట్లో చిక్కొచ్చింది. అప్పటి చీఫ్ రబ్బీ యిత్సాక్ నిస్సీమ్ వీళ్ల పెళ్లిళ్లకు ముందు వంశం విచారించాలని ఆదేశమిచ్చాడు. వాళ్లు ఊరుకోలేదు, ధర్నాలు చేశారు, 1964లో ప్రభుత్వమే దిగొచ్చి వీళ్లు అన్ని విధాలా యూదులే అని ప్రకటించాల్సి వచ్చింది. మిజోరం, మణిపూర్‌ల బ్నే మెనాషేలను 2005లో సెఫార్దీ చీఫ్ రబ్బీ ష్లోమో అమార్ ఇజ్రాయెల్ సంతతిగా ఒప్పుకున్నాక వేలమంది వచ్చారు, అదీ పద్ధతి ప్రకారం మతం పుచ్చుకున్నాకే. కొత్తరెడ్డిపాలెం బెనె ఎఫ్రాయిము వాళ్లకు సినగాగు ఉంది, హీబ్రూ ప్రార్థనలున్నాయి, సబ్బాతు ఉంది, లేనిది వాళ్ల తరఫున సంతకం పెట్టే చీఫ్ రబ్బీ. ఆ కామెంట్లలోనే వీసా గురించి అడిగినాయన మాత్రం ఏజెంట్ల మాట నమ్మి డబ్బు కట్టొద్దు, యూదులమని ఋజువు చేసే కాగితాలు మేం చూసుకుంటాం అని ఎవడైనా అంటే వాడు పచ్చి మోసగాడు.