వారాంతాల్లో డోర్‌డాష్ నడిపినవాళ్ళకి 17,110 డాలర్ల కోవిడ్ సిక్ లీవ్ క్రెడిట్ వస్తుందా?

మీరు అడిగింది ఇదీ: ఉద్యోగం డబ్ల్యూ-2 మీద (అంటే కంపెనీ జీతం), 2021లో శని, ఆదివారాలు డోర్‌డాష్ యాప్‌కి భోజనాల డెలివరీ. స్వయం ఉపాధి పన్ను లెక్కగట్టే షెడ్యూల్ ఎస్ఈలో నికర సంపాదన 4,160 డాలర్లు. ఎవరో టాక్స్ ఆయన 25 శాతం కమీషన్‌కి 1040-ఎక్స్ (సవరించిన రిటర్ను) వేసి, 2021 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు కోవిడ్ క్రెడిట్ కింద 17,110 డాలర్లు అడిగాడు. ఇప్పుడు ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) నుంచి ఆధారాలు చూపమని ఉత్తరం వచ్చింది.

క్రెడిట్ నిజమైనదే, స్వయం ఉపాధి వాళ్ళు కోవిడ్ వల్ల పని చేయలేకపోయిన రోజులకి 2020 ఏప్రిల్ నుంచి 2021 సెప్టెంబర్ వరకు ఉండేది. నేనూ తీసుకున్నాను. మీకు వేసిన అంకె మాత్రం ఎలా చూసినా కుదరదు.

ముందు నా సంగతి చెప్తాను. డాలస్ దగ్గర పిల్లలకి కూచిపూడి నేర్పుతాను, నాది స్వయం ఉపాధి కాబట్టి షెడ్యూల్ సి వేస్తాను. 2020 నవంబర్‌లో నాకు కోవిడ్ వచ్చింది. ఈ క్రెడిట్ అడిగే ఫారం 7202లో పది రోజులు రాసేద్దామనుకుని, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు తిరగేస్తే మూడు రోజులు దొరికిపోయాను. ఆ మూడు రోజులూ దగ్గుతూనే కుర్చీలో కూర్చుని తాళం వేస్తూ జూమ్‌లో జతులు చెప్పించాను! ఇంట్లోంచైనా పని చేయగలిగితే ఆ రోజు లెక్కలోకి రాదు. కాబట్టి ఏడు రోజులే మిగిలాయి. అవిగాక మా మూడేళ్ళవాడి డేకేర్ కోవిడ్ వల్ల మూతబడి, మా ఆయన ఫార్మసీ డ్యూటీలో ఉండి, నేను క్లాసులు మానేసిన రోజులు పన్నెండు.

లెక్క చాలా సాదా. ఏడాది నికర సంపాదనని 260 పనిదినాలతో భాగిస్తే రోజువారీ సగటు వస్తుంది. జబ్బు మనకే అయితే అది మొత్తం, కానీ రోజుకి 511 డాలర్లు మించకూడదు. పిల్లల కోసమో, ఇంట్లో ఇంకెవరి కోసమో ఆగిపోతే అందులో 67 శాతం, 200 మించకూడదు. 2020లో నా సంపాదన 18,200, అంటే రోజుకి 70. కానీ అంతకుముందు ఏడాది అంకె వాడుకునే వీలుంది. 2019లో 23,400 కాబట్టి రోజుకి 90 పడింది. ఏడు రోజులకి 630, పన్నెండు రోజులకి 723.60, మొత్తం 1,353.60 డాలర్లు. ఇంతే. ఇది తెలిసేదాకా నేనూ వేలకి వేలు ఊహించుకున్నాను లెండి.

ఇప్పుడు మీది. 4,160ని 260తో భాగిస్తే 16 డాలర్లు. ఆ కాలానికి చట్టం ఇచ్చిన గరిష్ఠం మొత్తం రేటున సిక్ లీవ్ పది రోజులు, 67 శాతం రేటున ఫ్యామిలీ లీవ్ అరవై రోజులు. అవన్నీ మీకు నిజంగా వర్తించాయనుకున్నా 160కి 643.20 కలిపి 803.20 డాలర్లు. అదీ డోర్‌డాష్‌కి వెళ్ళాల్సిన రోజున కోవిడ్ వల్ల వెళ్ళలేకపోతేనే. ఆ కాలంలో టీకా వేయించుకున్న రోజు, ఆ తర్వాత జ్వరంతో పడుకున్న రోజు కూడా చెల్లుతాయి, అలాంటివి ఉంటే వెతకండి.

మరి 17,110 ఎక్కడిది? 511 చొప్పున పది రోజులు 5,110, 200 చొప్పున అరవై రోజులు 12,000. రెండు గరిష్ఠాలూ కలిపి దించేశాడు. రోజుకి 511 రావాలంటే స్వయం ఉపాధి మీదే ఏడాదికి 1,32,860 డాలర్లు సంపాదించి ఉండాలి. మీ ఫారం 7202లో నికర సంపాదన గడిలో ఏ అంకె ఉందో చూడండి. నా అనుమానం, మీ డబ్ల్యూ-2 జీతం అక్కడ పెట్టేసి ఉంటాడు. ఉద్యోగం జీతం ఈ క్రెడిట్‌కి పనికిరాదు. 'సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ క్రెడిట్' పేరుతో 32 వేల డాలర్లు వస్తాయని సోషల్ మీడియాలో తిరిగిన ప్రచారం మీద 2024లో ఐఆర్‌ఎస్ హెచ్చరించింది కూడా, ఆ పేరుతో అసలు క్రెడిటే లేదని.

ఉత్తరాన్ని పక్కన పడేయొద్దు. అందులో ఇచ్చిన గడువులోగా జవాబివ్వాలి. వేసిన ఆయన దగ్గరికే మళ్ళీ వెళ్ళకండి, లైసెన్సున్న పన్ను నిపుణుణ్ణి, అంటే సీపీఏనో ఎన్‌రోల్డ్ ఏజెంట్‌నో పట్టుకుని, నిజంగా వచ్చే మొత్తానికి తగ్గించమనండి, ఏమీ రాకపోతే క్లెయిమ్ మొత్తం వెనక్కి తీసుకోమనండి. సరైన కారణం చూపకుండా ఎక్కువ అడిగిన సొమ్ము మీద 20 శాతం జరిమానా పడే అవకాశం ఉంది. పరీక్ష ఫలితాలు, టీకా కార్డు, ఆ నెలల డోర్‌డాష్ సంపాదన వివరాలు తీసి ఉంచుకోండి. నాకైతే 'ఈ వారం క్లాసు లేదమ్మా' అన్న వాట్సాప్ మెసేజీలే పనికొచ్చాయి.

అన్నట్టు, 17,110లో 25 శాతం అంటే 4,277.50. దాదాపు మీరు ఏడాదంతా వారాంతాలు కారు నడిపి మిగుల్చుకున్నంత. ఆ కమీషన్ ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకండి. రీఫండ్ ఖాతాలో పడిందా, ఇంకా ఆగి ఉందా? అది చెప్తే ఏం చేయాలన్నది ఇంకాస్త వివరంగా రాస్తాను.