అమ్మాయి ల్యాబ్‌లో మట్టి కడుగుతోంది, ఇదేం చదువండీ?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. అమ్మాయి ఎమ్మెస్సీ జియాలజీ రెండో ఏడాది. ప్రాజెక్టు పేరుతో రెండు నెలలుగా బంకమట్టిలో పెరాక్సైడ్ పోసి కడుగుతోంది. మొన్న వేళ్లు తెల్లగా పాలిపోయి వచ్చింది. మట్టిలో చెత్త పోవాలంటే కాల్చేస్తే సరిపోదా? మాన్పించి విజయవాడలో సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్చమంటారా?

జవాబు: మాన్పించకండి. ముందు వేళ్ల సంగతి. 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ తగిలితే చర్మం తెల్లబడి మంట పుడుతుంది. అది తగ్గిపోతుంది గానీ కంట్లో పడితే ప్రమాదం. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా బీకరు ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి.

ఇక కాల్చడం. ఇటుకల బట్టీ చూసే ఉంటారు. కాలిన ఇటుక మళ్లీ బంకమన్ను అవుతుందా? ఫర్నేస్‌లో 550 డిగ్రీలు పెడితే ఆకూ అలమూ కాలిపోతాయి, వాటితోపాటే కెయోలినైట్ అనే ఖనిజం నిర్మాణమూ చెదిరిపోతుంది. మట్టిలో ఏ ఖనిజాలున్నాయో ఎక్స్‌రేలతో పట్టిచ్చే ఎక్స్‌ఆర్‌డీ మిషన్‌ గ్రాఫులో దాని పీకే (గుర్తుగా లేచే శిఖరమే) కనపడదు. పోనీ వదిలేద్దామంటే, కుళ్లిన పదార్థం జిగురులా పట్టి రేణువుల్ని విడిపోనివ్వదు. అందుకే, కాల్చకుండానే ఆ పదార్థాన్ని పోగొట్టే పెరాక్సైడ్.

నేనూ ఒకప్పుడు ఈ మట్టి కడిగినవాణ్నే. ఓ సాయంత్రం చిన్న బీకర్లో అంతా ఒకేసారి పోసేసి టీకి వెళ్లాను. వచ్చేసరికి నురగ పొంగి సగం శాంపిల్ బల్ల మీదుంది. మాంగనీసున్న మట్టయితే మరీ రెచ్చిపోతుంది. కొంచెం కొంచెంగా పోస్తూ, నురగ అణిగాకే మళ్లీ పోయాలి. మన నల్లరేగడిలో సున్నం కూడా ఉంటుంది కదా, అసలు తిప్పలు అక్కడ. పెరాక్సైడ్ చర్యలో పుట్టే ఆక్సాలిక్ ఆమ్లం ఆ కాల్షియంతో కలిసి కాల్షియం ఆక్సలేట్ అవుతుంది. మట్టిలో లేని కొత్త పీకు వచ్చి కూర్చుంటుంది! సున్నాన్ని ముందే, పీహెచ్ 5 సోడియం అసిటేట్ బఫర్‌ అనే తేలికపాటి ఆమ్ల ద్రావణంతో తీసేయాలి. మిషన్ బటన్ ఎవరైనా నొక్కుతారు. ఆ పీకు ఎక్కడిదని ఇంటర్వ్యూలో అడిగితే తడుముకోకుండా చెప్పేవాళ్లు తక్కువ.

ఉద్యోగాలంటారా, యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్షతో జియలాజికల్ సర్వే (జీఎస్ఐ) ఉంది. ఓఎన్‌జీసీ లాంటి సంస్థలకూ ప్రయత్నించవచ్చు. పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. మొదటిసారికే వస్తుందని మాటివ్వలేను. సాఫ్ట్‌వేర్ మోజుంటే సాయంత్రాలు పైథాన్ నేర్చుకోమనండి, ఎక్స్‌ఆర్‌డీ గ్రాఫులకు అదే పనికొస్తుంది.

ఈసారి ఇద్దరూ రండి. అమ్మాయిని ల్యాబ్ నోట్‌బుక్ తెమ్మనండి, ఏ శాంపిల్‌కు ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని రోజులు పట్టిందో రాసుకుందేమో చూద్దాం.