తలుపు చప్పుడైతే చాలు, మా అత్తయ్య ఉలిక్కిపడుతోంది

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది సింగరాయకొండ. మా అత్తయ్యకు 56 ఏళ్లు. రెండు నెలల కిందట గల్ఫ్‌లో ఉండే మా మరిది, సర్‌ప్రైజ్ ఇద్దామని ఎవరికీ చెప్పకుండా రాత్రి పదింటప్పుడు వచ్చి తలుపు కొట్టాడు. తలుపు తీసిన అత్తయ్య కొయ్యబారిపోయింది. తర్వాత అతని చెంప మీద ఒక్కటిచ్చి, వాటేసుకుని భోరున ఏడ్చింది. గుండె పట్టేసినట్టుందని అరగంట పడుకుంది. అప్పట్నుంచి తలుపు చప్పుడైనా, కుక్కర్ విజిల్ వేసినా ఉలిక్కిపడుతోంది. సరిగా నిద్ర పోవడం లేదు. నాలుగేళ్ల కిందట మామయ్య హైవే మీద యాక్సిడెంట్‌లో పోయిన కబురు కూడా రాత్రిపూట తలుపు కొట్టే చెప్పారు. సంతోషపడాల్సిన దానికి ఇలా ఎందుకయింది? తన వల్లే ఇలా అయిందని మరిది కుమిలిపోతున్నాడు.

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలోనే జవాబు సగం ఉంది. తలుపు ఒకటే, వేళా అదే. పోయినసారి ఆ తలుపు తీస్తే మీ మామగారి కబురు వచ్చింది. ఈసారి గడపలో కొడుకు నిలబడ్డాడు. కళ్లు కొడుకును గుర్తుపట్టేలోపే గుండె పాత కబురు విన్నది.

ఆశ్చర్యం అంటే సంతోషం అని మనం అనుకుంటాం. నిజానికి దానికి మంచీ చెడూ లేవు. తర్వాత ఏం జరుగుతుందో మెదడు ఎప్పుడూ అంచనా వేసుకుంటూ ఉంటుంది. ఆ అంచనా తప్పితే చేస్తున్న పనంతా ఆపేసి, కళ్లు పెద్దవి చేసి చూస్తుంది. అంతే, కొన్ని సెకన్లు. ఆ తర్వాతే అది సంతోషమో, భయమో, కోపమో అవుతుంది. మీ అత్తగారికి ఆ నాలుగూ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. కొయ్యబారడం ఆశ్చర్యం, చెంపదెబ్బ భయంలోంచి పుట్టిన కోపం, ఏడుపు ‘నా బిడ్డ బాగున్నాడు’ అన్న ఊరట. ఆ దెబ్బలో ఎంత ప్రేమ ఉందో మీ మరిదికి చెప్పండి.

ఉలికిపాటు వేరు. అది ఆలోచనకు అందేది కాదు. పెద్ద చప్పుడైతే సెకనులో పదో వంతు కూడా గడవకముందే రెప్ప పడుతుంది, మెడ బిగుస్తుంది. ఇది అందరికీ ఉండేదే. అదే చప్పుడు పదేపదే వింటే తగ్గిపోవాలి కూడా. రోజూ వినే కుక్కర్ విజిల్‌కే ఉలిక్కిపడుతున్నారంటే లోపల కాపలా ఇంకా దిగలేదని అర్థం. పెద్ద దెబ్బ తిన్న మనసులో ఇలా జరుగుతుంది. నెల దాటినా తగ్గకుండా, పీడకలలు, ఆ సంగతి ఎత్తితేనే తప్పించుకోవడం లాంటివి కూడా ఉంటే మానసిక వైద్యులకు చూపించాల్సిందే. ఇది పిచ్చి కాదు, కౌన్సెలింగ్‌తో చాలామందికి నయమవుతుంది. ఒంగోలు దాకా వెళ్లేలోపు మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నాకు టెన్షన్‌గా ఉన్నది మాత్రం ఆ అరగంట గుండె పట్టేయడం గురించి. గ్యాస్ అని వదిలేయకండి. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో హఠాత్తుగా తగిలిన మనోవేదన వల్ల గుండె కండరం కొన్నాళ్లు బలహీనపడే జబ్బు ఒకటి ఉంది. అరుదుగా సంతోషం పట్టలేకపోయినా వస్తుంది. జపాన్ డాక్టర్లు 1990లో దీనికి టాకోట్సుబో అని పేరు పెట్టారు. ఆక్టోపస్‌లను పట్టే కుండ పేరది. ఆ సమయంలో గుండె ఆ కుండలా ఉబ్బి కనిపిస్తుంది. చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు. కానీ లక్షణాలు అచ్చం గుండెపోటులాగే ఉంటాయి కాబట్టి ఇంట్లో కూర్చుని తేల్చుకోలేం. ఈ వారమే ఈసీజీ, ఎకో (గుండె స్కానింగ్) తీయించండి, బీపీ చూపించండి. థైరాయిడ్ ఎక్కువైనా దడ, ఉలికిపాటు ఉంటాయి, ఆ పరీక్ష కూడా చేయించండి. మళ్లీ గుండె పట్టేస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.

నిద్ర మాత్రలు మెడికల్ షాపులో మీ అంతట మీరు కొనొద్దు. సాయంత్రం తర్వాత టీ, కాఫీ మాన్పించండి. వెనక నుంచి వెళ్లి భుజం మీద చెయ్యి వేయకండి, వసారాలోనే ‘అత్తయ్యా, నేనే’ అని పిలుచుకుంటూ లోపలికి రండి. కుక్కర్ పెట్టేటప్పుడు ‘విజిల్ వస్తుంది’ అని ఒక మాట చెప్పండి. కొన్నాళ్ల పాటు రాత్రిపూట తలుపు మీరే తీయండి. ఉలిక్కిపడినప్పుడు ‘ఇంత చిన్నదానికేనా’ అనకండి. పక్కన కూర్చుని, ఊపిరి నెమ్మదిగా వదలమనండి.

మీ మరిది రోజూ ఒకే వేళకు ఫోన్ చేస్తే ఆమెకు ధైర్యం. ఈసారి వచ్చేటప్పుడు తేదీ ముందే చెప్పమనండి. విమానం దిగాక ఒకసారి, టంగుటూరు టోల్‌గేట్ దగ్గర ఇంకోసారి ఫోన్ చేయమనండి. అప్పటికి చేపల పులుసు పొయ్యి మీద ఉంటుంది, ఆమె వాకిట్లో నిలబడి ఉంటారు.